దీపాల ఏటి ఒడ్డున విన్న మాట

జపాన్‌ల నేనున్న ఊరు పెద్ద పట్నమేం కాదు. నడిమిట్ల ఒక ఏరు, ఏటికి రెండు దిక్కుల ఇండ్లు, ఇండ్ల ఎన్క కొండలు. ఆ ఊర్ల ముసలోళ్లను చూసుకునే ఒక ఆశ్రమంల నేను పనిజేస్తుంటి. పొద్దుగాల లేపుడు, మొఖం కడిగించుడు, తినిపించుడు, తానాలు చేయించుడు, కాళ్లు గుంజితే ఒత్తుడు. మహబూబ్‌నగర్‌ల నర్సింగ్ చదివి, జడ్చర్లల ఒక దవాఖానల కొన్నేండ్లు చేసి, హైదరాబాద్‌ల కిరాయి అర్రల ఉండి జపాన్ భాష నేర్చుకొని పోయిన. మా ఇంట్ల విమానం ఎక్కిన మొదటి మనిషిని నేనే.

మా ఊరు జడ్చర్ల అవతల. మా నాయినకు, చిన్నాయనకు కలిపి ఒక గొర్ల మంద. ఎండలు మొదలైతే మా దిక్కు గడ్డి ఉండదు, కుంటలు ఎండిపోతయి. మాఘం రాంగనే ఇద్దరు మందను తోలుకొని అచ్చంపేట అవతల అడివి అంచులకు పోతరు. వానలు పడి మా చెల్కలు పచ్చబడ్డంకనే తిరిగి వచ్చుడు. నా చిన్నప్పటిసంది గంతే. ఎండకాలమంటే ఇంట్ల నాయిన లేని కాలం. జేబుల ఫోన్ ఉంటది గాని అడివిల అందదు. అందినా ఆయన ఫోన్ల మాట్లాడే మనిషి కాదు. తిన్నవా అని అడుగుతడు, తిన్న అంటే మంచిది అంటడు, ఇంకొకరి చేతిల పెడ్తడు.

నేను ఐతారం ఐతారం ఇంటికి వీడియో కాల్ చేస్తుండె. అమ్మ, వదిన, అప్పుడప్పుడు అన్న మాట్లాడేటోళ్లు. ఆ ఏడు వానలు మొదలైనా నాయిన ఇంటికి రాలే. అడిగితే ఈసారి ఆ దిక్కు గడ్డి మంచిగున్నదట, ఇంకొన్ని రోజులు ఆగి వస్తడట అని అమ్మ చెప్పింది. మళ్లొక ఐతారం అడిగితే, రెండు గొర్లకు గిట్టల రోగం వచ్చింది, నడువలేకపోతున్నయట, మానినంక వస్తడు అన్నది. నమ్మిన. నమ్మకపోవుడేంది, గొర్లు కాసేటోళ్ల ఇంట్ల పుట్టినదానికి గవి వింతలు కాదు గదా.

ఆశ్రమంల నాతోని పనిజేసే ఒక పెద్దామె ఉండె. మా అమ్మ ఈడుదే ఉంటది. వాళ్ల పద్ధతిల పేరు చివర గౌరవపు మాట కలిపి పిలిచేదాన్ని గాని, మనసుల మాత్రం పెద్దమ్మ అనుకునేదాన్ని. నాకు భాష రాని తొలి దినాలల్ల చెయ్యి పట్టి పని నేర్పింది ఆమెనే. ఆగస్టు నడిమిట్ల ఒక దినం, సాయంత్రం ఏటి కాడ దీపాల పండుగ ఉన్నది, రా అన్నది. ఏం పండుగ అని అడిగిన. ఆట ఉంటది, డోళ్లుంటయి, పొద్దుగూకినంక కాయితపు దీపాలు ఏట్ల ఇడుస్తరు, చాన అందంగ ఉంటది అని చెప్పింది. ఇంకేదో గూడ చెప్పింది గాని నాకు సమజ్ కాలే. నీళ్ల ఒడ్డున ఆడి, నీళ్లల్ల ఇడుసుడు అనంగనే నాకు మా బతుకమ్మనే కండ్ల ముందటికి వచ్చింది. ఎగిరి గంతేసిన.

ఆమె తన ఇంటికి పిలిచి, ఎండకాలంల వాళ్లు కట్టుకునే పల్చటి నూలు బట్ట ఒకటి నాకు కట్టింది. నీలిరంగు మీద తెల్లపూలు. నడుముకు ఎర్రటి పట్టీ. అద్దంల చూసుకుంటె నాకే నవ్వొచ్చింది. ఫొటో దించి వదినకు పంపిన.

ఏటి ఒడ్డున ఒక ఖాళీ జాగల కట్టెలతోని మంచె లెక్క కట్టిండ్రు. పైన ఒకాయన పెద్ద డోలు కొడుతుండు. మంచె చుట్టు ఆడోళ్లు, మొగోళ్లు, పిల్లలు, ముసలోళ్లు గుండ్రంగ తిరుగుతుండ్రు. రెండడుగులు ముంగటికి, ఒకటి ఎన్కకు, వంగి ఒక చప్పట. నేను కొంచెంసేపు చూసి అందులకు దూరిన. చప్పట కాడ నా చేతులు వాటంతట అవే పడ్డయి. ఎన్నడో నేర్చుకున్నట్టే ఉండె. ఎన్క ఉన్న ముసలామె నన్ను చూసి బాగ చేస్తున్నవని తల ఊపింది. చెమటలు పట్టేదాక తిరిగిన. ఆ దేశం పోయినంక నేను గంత సంబురంగ ఉన్నది ఆ పూటనే అనుకుంట.

పొద్దుగూకుతుంటె డోలు ఆగింది. జనమంతా ఏటి మెట్ల దిక్కు నడిచిండ్రు. పెద్దమ్మ నాకు గిలాసల రంగునీళ్లు పోసిన మంచుపొడి కొనిచ్చింది. మెట్ల పక్కన ఒక గుడారం. దాంట్ల బల్లల మీద కాయితపు దీపాలు వరుసగ పెట్టిండ్రు. కింద చెక్క, నాలుగు దిక్కుల తెల్ల కాయితం, నడుమ కొవ్వొత్తి. జనం ఒక్కొక్కరే పోయి దానిమీద కుంచెతోని ఏదో రాయించుకుంటుండ్రు. పెద్దమ్మ గూడ రెండు తీసుకున్నది. ఏం రాయించినవని అడిగిన. ఒకటి తన పెనిమిటి పేరట. ఇంకొకటి ఆ ఎండకాలం మొదట్ల మా ఆశ్రమంల పోయిన ఒక ముసలాయన పేరు. ఆయనకు ఎవ్వరు లేరు గదా అని తీసుకున్న అన్నది.

అప్పుడు సమజయింది నాకు. సచ్చిపోయినోళ్లు ఈ దినాలల్ల ఇండ్లకు వస్తరట. ఇంటోళ్లు వాళ్లకు ఇష్టమైనవి వండిపెడ్తరట. ఆఖరు దినం దారి కనబడాలని దీపం పెట్టి సాగనంపుతరట. మా దిక్కు పెత్రమాస నాడు పెద్దలకు పెట్టుకున్నట్టే. ఆ దినమే మా దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ. సచ్చిపోయినోళ్ల దినం, పూల దినం మాకు గూడ ఒకటేనని నాకు అప్పటిదాక ఎన్నడు తట్టలే. పరాయి ఏటి ఒడ్డున నిలబడ్డంక తట్టింది.

దీపాలు నీళ్ల మీదికి వచ్చినయి. ముందు రెండో మూడో, ఎన్కనే వరుస కట్టి. ఏరంతా మెల్లగ కదిలే ఎలుగు. ఎవ్వరు ఏడుస్తలేరు. కొందరు నవ్వుకుంట చేతులు ఊపుతుండ్రు, బస్సెక్కించి పంపుతున్నట్టు. అది చూసి నేను ఉండలేకపోయిన. ఐతారం కాకున్నా ఇంటికి కాల్ చేసిన. ఇక్కడ చీకటి పడుతాంది గాని మా ఊర్ల ఇంకా మూడున్నరనే. ఎండ నిగనిగ ఉంటది.

అమ్మ ఎత్తింది. ఫోన్ల నాకు అమ్మ మొఖం కాదు, ఇంటి కప్పు కనబడ్డది. ఉండు బిడ్డా, ఉండు అన్నది అమ్మ. కాళ్ల చప్పుడు, తలుపు చప్పుడు. కొంచెంసేపటికి మా అవ్వ మొఖం వచ్చింది. అవ్వ అంటే నాయిన తల్లి. చాన వారాల సంది అవ్వ నాకు ఫోన్ల కనబడనే లేదు. అడిగినప్పుడల్లా పండుకున్నదనో, పక్కింటికి పోయిందనో చెప్పేటోళ్లు. అవ్వను చూసి సంబురమైంది. ఫోన్ తిప్పి ఏరు చూపించిన.

"గవేంది బిడ్డా, గన్ని దీపాలు?" అన్నది.

సచ్చిపోయినోళ్ల కోసమని చెప్పిన. వాళ్లు ఇంటికి వచ్చి పోతున్నరట, గందుకే దీపం పెట్టి తోలుతున్నరట అని, పెద్దమ్మ చెప్పిందంతా ఊపిరాడకుండ చెప్పిన. అవ్వ కండ్లు చిన్నగ చేసి చూసింది. ఆమెకు దూరపుచూపు సరిగ లేదు. చాన సేపు చూసి, మెల్లగ అడిగింది.

"గట్లనా. మరి మీ నాయినకు గూడ ఒకటి ఇడిసినవా బిడ్డా?"

అవ్వకు మతి తప్పుతున్నది అనుకున్న. నిజంగ గదే అనుకున్న. నాయినకెందుకు ఇడుస్తనవ్వా, నాయిన అడివిల ఉన్నడు గదా అని నవ్వబోయిన. అవ్వ నవ్వలే. ఆమె నోరు కొంచెం తెరుచుకొని అట్లనే ఉండిపోయింది. ఎన్కసంది అమ్మ గొంతు, అత్తమ్మా అని. ఒక్క మాటనే. గాని ఆ గొంతు నేను ఎన్నడు విననిది. ఫోన్ కింద పడ్డట్టున్నది. మళ్ల ఇంటి కప్పు కనబడ్డది, మళ్ల ఏం కనబడలే.

నేను ఫోన్‌ను అట్లనే ఏటి దిక్కు పట్టుకొని నిలబడ్డ. కాల్ తెగిపోయిందని తెలుసు, అయినా చెయ్యి దించలే. ఇంకో చేతిల గిలాస ఒరిగి మంచు కరిగి ఎర్రటి నీళ్లు ముంజేయి మీదసంది మోచేతి దాక కారుతున్నయి. అవి పెద్దమ్మ కట్టిన బట్టకు అంటుతయేమో అని ఫికర్ పడ్డ. గంతే. అప్పుడు నా మనసుల ఉన్నది ఆ బట్ట ఒక్కటే.

మళ్ల కాల్ చేస్తే ఎవ్వరు ఎత్తలే. మళ్ల చేసిన. మూడోసారో నాలుగోసారో అన్న ఎత్తిండు. చెల్కల్నుంచి ఉరుకొచ్చినట్టున్నడు, రొప్పుతుండు. అన్నా అని మాత్రం అన్న.

"పిడుగు పడ్డది చెల్లె," అన్నడు.

మిగతాదంతా ఒక్కొక్క ముక్క చెప్పిండు. మిరుగు కార్తెకు ముందట పడ్డ మొదటి గాలివానల, అచ్చంపేట అవతల. నాయిన, ఆయన పక్కనున్న గొర్లు. చిన్నాయనకు ఏం కాలే. ఆ తెల్లారే ఊరికి తెచ్చిండ్రట, ఆ పొద్దే అంతా అయిపోయిందట. దినాలు గూడ అయినయట. నాకు అప్పుడు భాష పరీక్ష దగ్గరికొచ్చింది. చెప్తే ఉరికొస్తది, వచ్చినా నాయిన మొఖం గూడ చూసేటట్టు లేదు, పరీక్ష అయినంక చెప్దాం అని అన్ననే అన్నడట. పరీక్ష అయింది. నేను పాసయిన. ఆ సంబురంల ఎట్ల చెప్తం అన్నరట. ఎన్క ఒక్కొక్క ఐతారం జరిగినకొద్దీ చెప్పుడు ఇంకా కష్టమైందట. అన్న ఏడుసుకుంటనే చెప్పిండు. నేను వింటున్న. వానలు మొదలై, తగ్గి, మళ్ల పడ్డ దినాలన్ని నేను నాయిన బాగున్నడా అని అడిగిన దినాలే. బాగున్నడు అని చెప్పిన దినాలే.

పెద్దమ్మ ఎప్పుడొచ్చి నా పక్కన నిలబడ్డదో తెల్వదు. ఏమైందని అడిగింది. జపాన్ భాషల సచ్చిపోవుడుకు గౌరవంగ చెప్పే ఒక మాట ఉన్నది. ఆశ్రమంల పనిజేసేటోళ్లు తొలి వారంల నేర్చుకునేది గదే. ముసలోళ్లు పోయినప్పుడు ఇంటోళ్లకు ఫోన్ల ఎట్ల చెప్పాల్నో మాకు నేర్పిండ్రు. నేను ఎంతమంది గురించో చెప్పిన మాట. మా నాయిన అని ముందు పెట్టి ఆ మాటనే చెప్పిన. తప్పు లేకుండ, గొంతు వణకకుండ వచ్చింది.

ఎప్పుడు అని అడిగింది పెద్దమ్మ.

"ఇప్పుడే," అన్న.

అది అబద్ధం కాదు. నాకు ఆయన అప్పుడే పోయిండు.

ఆమె నన్ను దగ్గరికి తీసుకోలే. వాళ్లకు అది అలవాటు లేదు. నా చేతిల గిలాస తీసి పక్కన పెట్టి, తన చేతి రుమాలు తడిపి నా మోచెయ్యి తుడిచింది. ఎన్క గుడారం దిక్కు నడిపించింది. అక్కడ కుంచె పట్టుకొని ఒక ముసలాయన కూసున్నడు. పెద్దమ్మ ఆయన చెవిల ఏదో చెప్పింది. ఆయన లేచి, కుర్సీ నాకు ఇచ్చి, కుంచె గూడ నా చేతికే ఇచ్చిండు.

నాయిన పేరు రాద్దామనుకున్న. చెయ్యి మాత్రం నాయిన అనే రాసింది. మూడక్షరాలు, తెలుగుల. సిరా కాయితం మీద పాకి అంచులు ముద్దయినయి. ముసలాయన వంగి చూసి, ఇది ఎట్ల సదువుతరు అని అడిగిండు. చెప్పిన. ఆయన రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, మెల్లగ, పిల్లగాడు నేర్చుకున్నట్టు, "నాయిన" అన్నడు. ఆ ఊర్ల, ఆ దేశంల, నేను తప్ప ఇంకొకరి నోట ఆ మాట విన్నది అదే. అప్పుడు గూడ నాకు ఏడుపు రాలే.

మెట్ల కింద మోకాళ్ల లోతు నీళ్లల్ల కొందరు రబ్బరు బూట్లు ఏసుకొని నిలబడ్డరు. మనం ఇచ్చిన దీపాన్ని అందుకొని వాళ్లు పారే నీళ్ల నడుమ, పారకంల పెడ్తరు. నా దీపం అందుకోవడానికి ఒకాయన చెయ్యి చాచిండు. నేను ఇయ్యలే. ఇద్దామనే ఉన్నది, చేతి ఏళ్లు ఇప్పుకోలే. ఎన్క జనం వరుసల ఉన్నరు. ఎవ్వరు తొందర పెట్టలే. ఆయన గూడ చెయ్యి చాపి అట్లనే నిలబడ్డడు, నీళ్లల్ల. ఆఖరికి నేనే మెట్టు దిగి, పెద్దమ్మ కట్టిన బట్ట తడుస్తుండంగ నీళ్ల మీద పెట్టిన. కొంచెం దూరం నా ఎదుటనే ఊగింది. ఎన్క పారకం గుంజుకున్నది. మిగతా దీపాలల్ల కలిసినంక ఏది మాదో తెల్వలే.

మర్నాడు పొద్దుగాల పనికి పోయిన. పెద్దమ్మ వద్దన్నది, ఆశ్రమపోళ్లు గూడ సెలవు ఇస్తమన్నరు. ఇంట్ల ఒక్కదాన్నే కూసొని ఏం చెయ్యాలె? ఒక ముసలాయనకు తానం చేయించిన, వీపు రుద్దిన, గడ్డం గీసిన. ఆయన నీళ్లు బాగున్నయి అన్నడు. మా నాయిన వీపు నేను ఎన్నడు రుద్దలే అన్న సంగతి తువ్వాల మడత పెడుతుంటె యాదికొచ్చింది. అప్పుడు కూలబడ్డ. పెద్దమ్మ వచ్చి తానాలర్ర తలుపు మూసి, బయట నిలబడి ఎవ్వర్ని రానియ్యలే.

అన్నతోని చాన దినాలు మాట్లాడలే. అవ్వతోని మాట్లాడిన. సచ్చిపోయినోళ్ల దీపాల కాడ ఉన్నవంటే మీ అన్న చెప్పే ఉంటడు అనుకున్న బిడ్డా అన్నది. ఆమె తప్పేం లేదు. కన్నకొడుకు పోయినా, మనుమరాలికి తెల్వొద్దని నేను కాల్ చేసే యాల్లకు ఆమెను బయట అరుగు మీద కూసోబెట్టేటోళ్లట. అన్ని వారాలు సప్పుడు చెయ్యకుండ కూసున్నది.

ఆ తర్వాతి ఐతారం వదిన ఫోన్ ఎత్తి, అమ్మను పిలువకముందే మెల్లగ ఒక సంగతి చెప్పింది. దినాల నాడు అమ్మ బొట్టు, గాజులు తీసినంక, నేను కాల్ చేసే ప్రతి ఐతారం అమ్మ తానం చేసి, వదిన గాజులు తొడుక్కొని, స్టిక్కర్ బొట్టు పెట్టుకొని ఫోన్ ముందట కూసునేదట. మాట్లాడుడు అయిపోంగనే తీసేసేదట. ఆ దినం ఐతారం కాదు. నేను చెప్పకుండ చేసిన. అమ్మ మొఖం ఉత్తగ ఉన్నది. గందుకే ఫోన్ అవ్వ చేతిల పెట్టి లోపలికి ఉరికింది, బొట్టు కోసం.

ఇది విన్నప్పుడు తగిలిన దెబ్బ, ఏటి ఒడ్డున తగిలినదానికంటె ఎక్కువనే. పిడుగు ఎవ్వరి చేతిల లేదు. ఇది మా అమ్మ తన చేతులతోని, నా కోసం, ఒక్కొక్క ఐతారం చేసింది. నేను ఒక్కసారి గూడ పసిగట్టలే. పైంగ ఒకసారి, కొత్త గాజులు మంచిగున్నయమ్మా అన్న.

అమ్మ వచ్చింది. ఉత్త మొఖంతోనే కూసున్నది. నేను కోపంగ అడుగుదామనుకున్నవి అన్ని పోయినయి. ఎట్ల చేసినవమ్మా గంత పని అని మాత్రం అడిగిన. అమ్మ చీరె కొంగు మడతలు పెట్టింది.

"నీకోసమని మొదలు పెట్టిన బిడ్డా," అన్నది. "తర్వాత నాకోసమే పెట్టుకున్న. నువ్వు నాయిన ఏం చేస్తుండు అని అడుగుతుంటివి. గొర్ల కాడ ఉన్నడు అని చెప్తుంటి. గా గడియసేపు ఆయన గొర్ల కాడనే ఉండేటోడు."

ఇద్దరం ఫోన్ల ఒకరినొకరు చూసుకుంట కూసున్నం. ఎండ మా వాకిట్లకు వచ్చి పోయేదాక.

సెలవు దొరికి నేను ఇంటికి వచ్చేసరికి మాఘం దాటింది. చిన్నాయన మందను తోలుకొని అప్పటికే పోయిండు. ఈసారి ఆయన ఎంబడి జీతానికి కుదిరిన ఒకాయన ఉన్నడు. నేను ఆ జాగ చూడాలె అన్న. అమ్మ వద్దన్నది. అన్న తోలుకపోయిండు. జడ్చర్లల బస్సెక్కి, కల్వకుర్తి మీదసంది అచ్చంపేటకు, అక్కడ్నుంచి ఆటో. దారంతా మేమిద్దరం పెద్దగ మాట్లాడుకోలే గాని, కల్వకుర్తిల ఆయన చాయ తెచ్చిస్తే తీసుకున్న. ఆయన మొఖం తేలికైంది.

నేను ఏదో ఊహించుకున్న. మాడిన చెట్టో, పగిలిన బండో. గట్లాంటిదేం లేదు. నాలుగు మోదుగు చెట్లు, ఒక పెద్ద బండ, కొంచెం ఎండిన గడ్డి. గొర్లు మేస్తున్నయి. చిన్నాయన నన్ను చూసి తువ్వాలతోని మొఖం ఒత్తుకున్నడు. ఎక్కడ నిలబడ్డరో చూపించిండు. ఎక్కడ, ఎప్పుడు, ఎట్ల అని ఊరంతా తనను అడిగిండ్రట, పోలీసోళ్లు గూడ అడిగిండ్రట. అన్ని చెప్పిండట. నేను ఇంకొకటి అడిగిన. ఆఖరుకు నాయిన ఏమన్నడు చిన్నాయనా అని.

ఆయన అప్పటిదాక ఆ సంగతి ఎవ్వరికి చెప్పలేదట. ఎవ్వరు అడగలేదట.

"సెప్పులు కొత్తయి గదరా, తడిస్తె పాడైతయి, ఇడిసి చేతిల పట్టుకో అన్నడు," అన్నడు చిన్నాయన. "ఇద్దరం ఇడిసినం. సంకల పెట్టుకున్నం. గంతల్నే పిడుగు పడ్డది."

నాకు నవ్వు వచ్చింది. ఎక్కడ్నుంచి వచ్చిందో తెల్వదు, ఆపలేకపోయిన. చిన్నాయన గూడ నవ్విండు, కండ్లల్ల నీళ్లు కారుకుంటనే. రోడ్డు మీద ఆటో కాడున్న అన్న మా దిక్కు భయంగ చూస్తుండు, వీళ్లకేమైంది అన్నట్టు. సెప్పుల సంగతి పోయి ఆయనకు చెప్పాలె అనుకున్న. చిన్నాయన గొర్లను వాగు దిక్కు మలిపిండు. నేను పోయి ఆ బండ మీద కూసున్న. ఎండకు వెచ్చగ ఉన్నది.